ఎవాంజెలిన్‌కు సరిపోయిన సైకిలు

లింగంపల్లిలో తాము కిరాయికి ఉంటున్న ఇంటి గుమ్మం దాటాలంటే ఎవాంజెలిన్ తల వంచాల్సిందే. చర్చిలో ఆమె ముందు వరుసలో కూర్చుంటే వెనకవాళ్ళకు పాస్టరుగారు కనిపించరు. బస్సు సీట్లో మోకాళ్ళు ఇమడవు. బజార్లో దొరికే పంజాబీ డ్రస్సుల చేతులు మోచేతి దగ్గరే ఆగిపోతాయి. అందుకని ఆమె బట్టలన్నీ తల్లి లీదియానే కుట్టేది. లీదియా కాలనీకంతటికీ దర్జీ. కొలతల టేపు ఎప్పుడూ ఆమె మెడలోనే ఉండేది.

అది తొంభై తొమ్మిదో సంవత్సరం. ఎవాంజెలిన్ ఒక కొరియర్ ఆఫీసులో పనిచేస్తోంది. కొండాపూర్, కొత్తగూడ, మాదాపూర్ ఆమె లైను. కేబుళ్ళ కోసం రోడ్లన్నీ తవ్వేశారని మిగతావాళ్ళు అటు వెళ్ళడానికి ఇష్టపడేవారు కాదు. ఆమెకు మాత్రం ఆ లైనంటే ప్రాణం. పోయిన నెల బండలున్న చోట ఈ నెల ఇనుప చువ్వలు లేచేవి, వచ్చే నెలకు అద్దాలు మెరిసేవి. కొత్త ఆఫీసు తెరిచిన మొదటి రోజు మొదటి కవరు తన చేతి మీదుగా అందితే ఆమెకు రోజంతా హుషారుగా ఉండేది.

చిక్కల్లా సైకిలుతోనే. అది ఎవరో వాడి అమ్మేసిన లేడీస్ సైకిలు. ఎంత తొక్కినా మోకాళ్ళు హ్యాండిలుకు కొట్టుకునేవి. సాయంత్రానికి నడుము పట్టేసేది. సీటు గొట్టాన్ని ఎంత పైకి లాగాలో అంతకన్నా ఎక్కువే లాగి బిగించుకుంది. ఒక మధ్యాహ్నం మాదాపూర్‌లో రాళ్ళ దారిలో అది పెళ్ళున విరిగింది. గొట్టం దిగే చోట ఫ్రేము కూడా చీలిపోయింది. కవర్లన్నీ ఎర్రమట్టిలో పడ్డాయి. ఆమె మోచేయి దులుపుకుని, కవర్లు ఏరుకుని, మిగిలినవన్నీ నడిచే పంచింది.

ఆఫీసులో మేనేజరు విశ్వేశ్వరరావు ఆమె మోచేయి చూసి ముందు కుర్చీ వేశాడు. తర్వాత చెప్పాడు.

"సోమవారంకల్లా బండేదో చూసుకో అమ్మాయ్. లేకపోతే ఆ లైను మోపెడ్ ఉన్న కుర్రాళ్ళకి ఇవ్వాల్సొస్తుంది. నాకూ తప్పదు."

ఆమె ఇంటికొచ్చి తల్లి పక్కన కూలబడింది.

"అమ్మా, నాకు లావు టైర్ల సైకిల్ గావాలె. బండల మీద గూడ పోయేది."

లీదియా మిషను ఆపింది. పెళ్ళిళ్ళ సీజన్లో కుట్టిన జాకెట్ల డబ్బులు ఇంకా ఖర్చుకాలేదు.

"కొందాం తీయ్. కానీ కొలత జూసి కొందాం. ఇన్నేండ్లల్ల నీకు రెడీమేడ్ ఏదన్న సరిపోయిందా?"

శనివారం ఇద్దరూ కూకట్‌పల్లిలో బుల్లిబాబు సైకిళ్ళ షాపుకు వెళ్ళారు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన మనిషి, మాటలో చక్కెర ఎక్కువ. ముందుగా గులాబీరంగు సైకిలు తోసుకొచ్చాడు.

"ఆడపిల్లలకి ఇదేనండి. అందరూ ఇదే పట్టుకెళ్తున్నారు."

"అందరు మా బిడ్డంత పొడుగుంటరా అన్నా?" అంది లీదియా.

ఎవాంజెలిన్ కళ్ళు అప్పటికే ముందు స్ప్రింగులున్న వెండిరంగు గేర్ల సైకిలు మీద పడ్డాయి. ఎక్కి కూర్చుని, పట్టరాని సంతోషంతో తల్లివైపు చూసింది.

"దిగు బిడ్డా. మోకాళ్ళు గదుమకు తగులుతున్నయ్."

"సీటు కొంచెం లేపుతానండి," అన్నాడు బుల్లిబాబు.

"సీటు లేపబట్టే పాతది ఇరిగింది. సైకిలే పెద్దది గావాలె."

పైగా దాని ధర లీదియా సంచిలో ఉన్నదానికి రెట్టింపు. ఎవాంజెలిన్ ఉస్సురంటూ దిగింది. అప్పుడు కనిపించింది, లోపలి గోడకు కొక్కేనికి వేలాడుతూ, దుమ్ము పట్టిన ముదురాకుపచ్చ సైకిలు. స్ప్రింగులు లేవు. వెనక చక్రానికి గేర్లున్నాయి, టైర్లు లావుగా ఉన్నాయి.

"అది వద్దండీ. పెద్ద సైజు ఒక్కటి పొరపాటున వచ్చింది. మగాళ్ళకే కాళ్ళందట్లేదు."

"ఒక్కసారి దించుండ్రి," అంది ఎవాంజెలిన్.

నడిమి రాడ్డుకు అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడింది. రెండు పాదాలూ నేలమీద ఆనాయి, రాడ్డు ఒంటికి తగల్లేదు. సీటెక్కి కిందికున్న పెడలు మీద మడమ పెడితే కాలు నిటారుగా చాపుకుంది. పాదం ముందుభాగం పెడితే మోకాలు కొంచెమే వంగింది. హ్యాండిలు కాస్త దూరమనిపించింది. బుల్లిబాబు సీటును ముందుకు జరిపి బిగించాడు. లీదియా టేపుతో కూతురి చేయి కొలిచి, సీటు నుంచి హ్యాండిలుకు కొలిచింది.

"భుజాలు గుంజుతున్నయా?"

"లేదమ్మా."

"నడుము?"

ఎవాంజెలిన్ నవ్వుతోంది. ఊహ తెలిశాక, తనకోసం చేసినట్టున్న వస్తువు ఆమెకు షాపులో దొరకడం ఇదే మొదటిసారి.

లీదియా చక్రం పైకెత్తి తిప్పింది. అది వంకరగా తిరిగింది. ఎండిపోయిన ట్యూబులు, బ్రేకు రబ్బర్లు మార్చి, చక్రం సరిచేసి ఇస్తానన్నాడు బుల్లిబాబు. ఎవరూ కొనని సరుకు పోతోందన్న ఆనందంలో ధర కూడా తగ్గించాడు. సంచిలో బస్సు కిరాయి మిగిలింది.

సైకిలు సిద్ధమయ్యాక లీదియా బస్సెక్కింది. ఎవాంజెలిన్ చున్నీ నడుముకు ముడేసుకుని సైకిలెక్కింది. గేరు టక్కున పడినప్పుడల్లా ఆమె గుండె ఎగిరింది. బస్సు ముందుకెళ్ళేది, స్టాపులో ఆగేది, ఆమె దాటేసేది. మియాపూర్ దగ్గర లారీల వెనక బస్సు చిక్కుకుపోయింది. లీదియా కిటికీలోంచి తల బయటపెట్టి, "జర మెల్లగ పో" అని అరిచింది. పక్క సీటావిడతో మాత్రం, "మా బిడ్డనే" అని చెప్పుకుంది. ఆమె లింగంపల్లిలో దిగేసరికి ఎవాంజెలిన్ చెరుకురసం తాగుతూ నిలబడి ఉంది.

సోమవారం పొద్దున విశ్వేశ్వరరావు సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, మాదాపూర్ సంచి ఆమెకిచ్చాడు. కొత్తగూడ దగ్గర ఇదివరకు దిగి తోసుకెళ్ళే బండరాతి ఎత్తు వచ్చింది. ఆమె చిన్న గేరు వేసి, ఊపిరి బిగబట్టి తొక్కింది. టైర్లు రాతిని పట్టుకున్నాయి. పైకి చేరాక ఆగి చూస్తే, ఎదురుగా గుండ్రటి సైబర్ టవర్స్, దాని వెనక ఇంకా ఎవరూ తవ్వని గుట్టలు. మిగతా కవర్లు ఎప్పుడు పంచిందో ఆమెకే తెలియలేదు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆమె మళ్ళీ సైకిలు తీసింది. చేతిలో సంచి లేదు.

"ఎటు పోతున్నవ్?" అంది లీదియా.

"మణికొండ దిక్కు. అక్కడ బండల నడుమ తొవ్వ ఉన్నదట."

"అక్కడ ఎవరికియ్యాలె?"

"ఎవ్వరికి లేదమ్మా. ఊకె పోతున్న."

లీదియా ఆమె చేతికి మంచినీళ్ళ సీసా ఇచ్చి, గేటు తెరిచి పట్టుకుంది.