కార్డులో పట్టని వచనం

ఆ రోజు కుట్టుమిషను ముందు కూర్చుని స్కూలు యూనిఫాం చొక్కాకు కాలరు వేస్తున్నాను. నడుముకు కాస్త పైన, వెన్నులో ఎవరో వేలు పెట్టి నొక్కినట్టయింది. లేచి నిలబడితే పోయింది. కూర్చుంటే మళ్ళీ వచ్చింది. వారం తిరిగేసరికి నిలబడినా పోలేదు. పొద్దుగూకే వేళకు ఒళ్ళు వెచ్చబడేది. అన్నం రుచి పోయింది, జాకెట్లు వదులయ్యాయి.

మాది భద్రాచలం నుంచి పర్ణశాల పోయే దారిలో ఒక ఊరు. మా ఆయన రత్నం ఆశ్రమ పాఠశాలలో వంట చేస్తారు. మా చర్చి సంఘంలో పెద్ద కూడా. నొప్పి సంగతి చెబితే ఆయన అన్న మాట ఇది: "మిషన్ తొక్కుడు తగ్గియ్యి, అదే పోతది." ఊరి ఆర్‌ఎంపీ గ్యాస్ అని రెండు సూదులు వేశాడు. ప్రార్థనకు వచ్చిన ఒకామె నా మొహం చూసి "సన్నబడ్డవ్, మంచిగున్నవ్" అంది. ఎవరు ఏమన్నారో నాకు ఇప్పటికీ వరుసగా గుర్తుంది.

రెండు నెలల తర్వాత భద్రాచలంలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, ఈఎస్సార్ అనే రక్తపరీక్ష రిపోర్టు కూడా చూసి, "అమ్మా, ఇది మిషన్ నొప్పి కాదు. ఖమ్మం పోయి ఎమ్మారై తీయించుకోండి. లేట్ చెయ్యొద్దు" అన్నాడు. సరేనని ఇంటికి వచ్చాం.

ఇక్కడ మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. పొద్దున్నే కుటుంబ ప్రార్థన చేసుకుంటాం. పాట, ప్రార్థన అయ్యాక వాగ్దానాల డబ్బా తెరుస్తాం. అందులో చిన్న చిన్న కార్డులుంటాయి, ఒక్కో కార్డు మీద బైబిలు నుంచి ఒక్కో వచనం. ఎవరికి ఆ రోజు ఏదైనా పని తేలాల్సి ఉంటే వాళ్ళు కళ్ళు మూసుకుని ఒకటి తీస్తారు. మా బిడ్డ గ్రేసు ఏ కాలేజీలో చేరాలన్నా, ఆయన బండి కొనాలన్నా ఆ డబ్బానే అడిగాం. చాలా ఇళ్ళలో ఉన్న అలవాటే. నేను దాన్ని ఎగతాళి చేయడం లేదు. ఆ కార్డుల వల్ల బతికిన రోజులు నాకూ ఉన్నాయి.

మర్నాడు కార్డు నేనే తీశాను. ప్రభువు మీ తరఫున యుద్ధం చేస్తాడు, మీరు ఊరికే ఉండండి అన్న అర్థం వచ్చే వచనం పడింది. మా ఆయన రెండుసార్లు చదివి డబ్బా మూశారు.

"ఊకుండుమన్నడు దేవుడు. మనం ఉరుకుదామా?"

"డాక్టర్ లేట్ చెయ్యొద్దన్నడు కదా డాడీ" అంది గ్రేసు.

"డాక్టర్ పెద్దనా, దేవుడు పెద్దనా?"

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, ఆ మాట నాకు కూడా చల్లగానే తగిలింది. ఎమ్మారై అంటే భయం. ఒప్పుకున్న యూనిఫాంలు సగం కూడా కాలేదు. కార్డు నన్ను ఇంట్లో ఉండమంది, నేను ఉన్నాను. అయినా ఇంటి పెద్ద ఆయన. నా జ్వరం ఆయన చేతికి తెలుస్తూనే ఉంది.

ఆరు వారాలు అలాగే పోయాయి. పడుకుంటే ఒకవైపు నిలవదు, కూర్చుంటే నిలవదు. ఇంట్లో ఆ గోడ నుంచి ఈ గోడకు తిరిగేదాన్ని. సంఘం ఆడవాళ్ళు వచ్చి తల మీద చేతులుంచి ప్రార్థన చేశారు. వెళ్తూ వెళ్తూ ఒకామె "విశ్వాసం ఉండాలె అక్కా" అంది, లేదని తేల్చుకున్నట్టు.

ఒక సోమవారం మిషను తొక్కుతుంటే సూది ఆగిపోయింది. దారం తెగిందేమోనని చూశాను, తెగలేదు. కిందికి చూస్తే నా ఎడమ పాదం పెడలు మీద లేదు. జారి నేల మీద పడి ఉంది. అది జారినట్టు నాకు తెలియనే లేదు.

గ్రేసును పిలిచాను. అది నా అరికాలు గిల్లింది. "తెలుస్తుందా అమ్మా?" లేదన్నాను. మళ్ళీ గట్టిగా గిల్లింది. అంతలో మా ఆయన లోపలికి వచ్చి విషయం విని, అలవాటుగా అలమర మీద డబ్బా వైపు చెయ్యి చాపారు.

"డాడీ, కార్డు తర్వాత తీద్దువు. ముందు ఆటో పిలువు" అంది గ్రేసు. తండ్రితో అది అలా మాట్లాడటం అదే మొదలు.

ఖమ్మంలో ఎమ్మారై తీశారు. రెండు వెన్నుపూసలు పుచ్చిపోయి ఉన్నాయి, పక్కన చీము చేరింది, అది నరాలను నొక్కుతోంది. బయాప్సీ తీసి పంపాక చెప్పారు: వెన్నుకు టీబీ. పెద్ద డాక్టరు నా కాలు పైకెత్తించి చూసి, "ఇప్పటికైతే ఆపరేషన్ లేకుండా చూద్దాం. కానీ కాలు బలం ఇంకా తగ్గితే ఆపరేషనే. అప్పుడు కూడా నడక వస్తదని నేను రాసియ్యలేను. ఇంత లేట్ ఎందుకైంది?" అని అడిగాడు. మా ఆయన నేల చూశారు. నేను ఆయన్ని చూశాను.

నాలుగు రకాల మాత్రలు, నడుముకు బ్రేసు, కదలకుండా బెడ్ రెస్టు. వారం వారం చూపించుకోవాలి కాబట్టి ఖమ్మంలోనే ఖానాపురం హవేలిలో ఉన్న మా ఆడబిడ్డ సువార్త ఇంట్లో ఉన్నాం. గ్రేసు నా దగ్గర ఉంది, ఆయన డ్యూటీకి వెళ్ళి ఆదివారాలు వచ్చేవారు. సువార్త గది ఇచ్చింది, అన్నం పెట్టింది, అది కాదనను. మొదటి రోజే నా స్టీలు గ్లాసు అడుగున గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టింది. వెన్ను టీబీ గ్లాసుతో అంటుకోదని డాక్టరు ఆమె ముందే చెప్పాడు. ఆమె నాతో, "ఎందుకైనా మంచిది వదినా" అంది. ఇంకో రోజు మంచం దగ్గర కూర్చుని, "ఒప్పుకోని పాపం ఏదన్నా ఉంటే ఒప్పుకో వదినా, దేవుడు గిట్ల పండవెట్టిండంటే ఏదో ఉంటది" అంది. లేవలేని మనిషితో అన్న మాట అది. నేను పైకప్పు మీద ఫ్యాను చూస్తూ ఉండిపోయాను.

వాగ్దానాల డబ్బా ఊళ్ళోనే ఉండిపోయింది. అందుకని గ్రేసు బైబిలు మొదటి నుంచి మొదలుపెట్టి, రోజుకు రెండు అధ్యాయాలు చదివేది. నచ్చినా నచ్చకున్నా వరుసగా. కొన్ని చోట్ల పేర్లే పేర్లు. "ఇది దాటేద్దామా అమ్మా?" అంటే వద్దన్నాను. నాకు వేరే పనేముంది.

నెల తిరగకముందే వాంతులు పట్టుకున్నాయి. కళ్ళు పచ్చబడ్డాయి. ఎల్ఎఫ్‌టీ అని లివర్ పరీక్ష చేసి, మాత్రలు లివర్‌కు పడలేదని అన్నీ ఆపేశారు. "లివర్ దారికి వచ్చినంక ఒక్కొక్కటే మొదలుపెడదాం" అన్నాడు డాక్టరు. మందు లేని ఆ రోజుల్లో రోజూ పొద్దున బొటనవేలు కదిపి చూసుకునేదాన్ని. కొద్దిగా కదిలేది. నిన్నటికన్నా తక్కువ కదిలిందా అని మళ్ళీ కదిపేదాన్ని. మధ్యాహ్నానికి పదిసార్లయ్యేది.

ఆ ఆదివారం ఆయన వచ్చారు. కుర్చీలో కూర్చున్నారు. సువార్త గుమ్మంలో నిలబడింది. గ్రేసు చదువుతోంది. ఇశ్రాయేలు జనం ముందు సముద్రం, వెనుక ఐగుప్తు రాజు ఫరో రథాలు. జనం ఏడుస్తున్నారు. మోషే వాళ్ళకు ధైర్యం చెబుతున్నాడు. అందులో నా కార్డు వచనం వచ్చింది, ఊరికే ఉండండన్న ఆ మాట. గ్రేసు ఆగకుండా తర్వాతి వచనంలోకి వెళ్ళింది. అక్కడ దేవుడు మోషేను అడుగుతున్నాడు: నాకెందుకు మొరపెడుతున్నావు, ముందుకు నడవమని జనంతో చెప్పు.

"ఆగు. మళ్ళా చదువు" అన్నాను.

చదివింది.

"ఈ మాట మన కార్డు మీద లేదేందయ్యా?" అని ఆయన్ని అడిగాను.

"చిన్న కార్డు కదా. జాగ పట్టకపోయి ఉంటది."

"జాగ పట్టలేదా? నా కాలు పోతుండె."

ఆయన ముప్పై ఏళ్ళుగా ఆ పుస్తకం పట్టుకుని సంఘం ముందు నిలబడిన మనిషి. ఆ రెండు వచనాలూ పక్కపక్కనే ఉన్నాయని తెలియని మనిషి కాదు. కార్డు తీసిన రోజున మాకెవరికీ పుస్తకం తెరవాలని తోచలేదు.

లేచి వంటింట్లోకి వెళ్ళారు. కాసేపటికి టీ తెచ్చారు. నాకు మామూలు గ్లాసులో ఇచ్చారు. ఎర్రచుక్క గ్లాసు తను పట్టుకుని, చెల్లెలి ముందే నిలబడి అందులో తాగారు. "అన్నా, అది వదినది" అంది సువార్త. "తెలుసు" అన్నారు. క్షమించమని మాత్రం అనలేదు. ఇప్పటికీ అనలేదు.

పది రోజులకు లివర్ దారికి వచ్చింది. మాత్రలు ఒక్కొక్కటే మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి పడ్డాయి. డాక్టరు కదలొద్దన్నన్నాళ్ళు కదలకుండా పడుకున్నాను. అదీ ఊరికే ఉండే కాలమే, కానీ బయలుదేరి దవాఖానాకు చేరిన తర్వాత వచ్చింది. మూడో నెలలో వాకరు పట్టి నిలబెట్టారు. ఫిజియోథెరపీ పిల్ల "అమ్మా, పాదం చూడకు, గోడ చూడు" అనేది. నేను పాదమే చూసేదాన్ని. దాన్ని ఒకసారి నమ్మి మోసపోయాను.

మందులు ఏడాది దాటి వాడాను, పోయిన ఎండాకాలం ఆపారు. ఇప్పుడు నడుస్తున్నాను. ఎక్కువ దూరమైతే ఎడమ పాదం కొంచెం ఈడుస్తుంది. మిషనుకు మోటారు పెట్టించుకున్నాను. ఎర్రచుక్క గ్లాసు అడిగి తెచ్చుకున్నాను, నా టీ అందులోనే. సువార్త ఇంటికి వచ్చిన రోజు ఆమె ఎదురుగా కూర్చుని మరీ తాగుతాను. ఆమె కిటికీ వైపు చూస్తుంది.

కుటుంబ ప్రార్థన మానలేదు. డబ్బా పారేయలేదు. కార్డు తీస్తాం, తీసినాక బైబిలు తెరిచి ఆ వచనం ఉన్న అధ్యాయం మొత్తం చదువుతాం. "స్కూల్లో పిల్లలకు టిఫిన్ లేటయితది" అని ఆయన సణుగుతారు. సణుగుతూనే వేలు పెట్టి తర్వాతి వచనం వెతుకుతారు.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. వెన్నునొప్పితో పాటు సాయంత్రాలు జ్వరం వస్తుంటే, డాక్టరు స్కాన్ రాసిన రోజే బయలుదేరండి. ప్రార్థన ఆటోలో కూర్చుని కూడా చేసుకోవచ్చు.