చప్పుడు లేని గజ్జెలు

నా చిన్నప్పుడు, ఒక బుధవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు మా నాన్నకు మెలకువ వచ్చింది. నిద్రపోయే మనిషికి మెలకువ రావడం పెద్ద విషయం కాదు. కానీ మా నాన్న నిమ్‌పురా రైల్వే యార్డులో రాత్రి డ్యూటీ చేసేవాడు. వ్యాగన్లను ఒకదానికొకటి తగిలించే పని. అలాంటివాళ్ళు మా క్వార్టర్ల లైనులో ఇంటికొకరు ఉండేవారు. అందుకే పగటిపూట లైనంతా గొంతు తగ్గించి మాట్లాడేది. బిందె దించితే గుడ్డ మీద దించాలి. పసిపిల్ల ఏడిస్తే ఎత్తుకుని మైదానం వైపు తీసుకుపోవాలి. చేపలమ్మే బెంగాలీ దాదా కూడా మా లైను మొదట్లోనే కేక ఆపేసి, తలుపు తలుపుకీ వచ్చి వేలితో తట్టేవాడు.

పక్కింటి అక్క నాట్యం సాధన చేసింది ఆ లైనులోనే. వాళ్ళ వెనక వసారా మా కిటికీకి ఎదురుగా ఉండేది. అందుకని గజ్జెల నోళ్ళలో కాటన్ వేస్టు కూరేవాళ్ళం. వర్క్‌షాపులో యంత్రాల మడ్డి తుడవడానికి వాడే నూలు పోగులు అవి. ఒక్కో కాలికి యాభై గజ్జెలు. హెయిర్‌పిన్నుతో ఒక్కొక్క దానిలో పోగు కూరడం నా పని. దసరాకు స్టేజీ ఎక్కే రోజు మాత్రం అన్నీ తీసేసేవాళ్ళం. ఏడాదికి ఆ ఒక్క సాయంత్రమే వాటి గొంతు వినేదాన్ని.

ఆ ఏడు దసరాకు కలకత్తా నుంచి నాటకాల కంపెనీవాళ్ళు అక్కను తీసుకోవచ్చేమో చూడటానికి వస్తామన్నారు. పండగ ఇంకా తొమ్మిది రోజులుంది. గజ్జెల గొంతు వినడానికి నేను అంతవరకూ ఆగలేకపోయాను. పొద్దున్నే కూర్చుని కుడికాలి గజ్జెల్లోంచి పోగులన్నీ లాగి గౌను ఒడిలో దాచుకున్నాను. చేతికిస్తే తెలిసిపోతుందని, మధ్యాహ్నం రెండు అరచేతులతో అదిమిపట్టి నేనే ఆమె కాలికి కట్టాను.

"ఏటే గుంటా, ఇయాల ఇంత మరియాద?" అని నవ్వింది. నవ్వుతూనే కుడి పాదం ఎత్తి నేలకు కొట్టింది.

ఒక్క అడుగే, యాభై గజ్జెలూ ఘల్లుమన్నాయి. వెంటనే కూలబడి రెండు చేతులతో కాలు పట్టుకుంది. నేను ఉలిక్కిపడి లేచేసరికి ఒడిలోని పోగులు నా కాళ్ళ దగ్గర రాలాయి. కిటికీ అవతల మా మంచం కిర్రుమంది.

నాన్న మళ్ళీ నిద్రపోలేదు. ఆ రాత్రి యార్డులో ఆయన ఎడమచేతి వేళ్ళు రెండు నలిగి తెగిపోయాయి. నిద్ర లేకే అలా జరిగిందని డాక్టరు అనలేదు, నాన్నా అనలేదు. లైను అంది. "సోకు కోసం సెట్టంత మనిసి సెయ్యి తీసేసింది గదమ్మా" అని కుళాయి దగ్గర అక్కకు వినబడేలా అన్నారు. అక్క మా అమ్మ ముందుకు వచ్చి, పోగులు కూరడం తానే మరిచిపోయానని చెప్పింది. ఆ దసరాకు ఆమె స్టేజీ ఎక్కడానికి వీల్లేదని పెద్దలు తీర్మానించారు.

నేను వెళ్ళి ఆమె కాళ్ళు పట్టుకుని, నిజం చెప్పేస్తానన్నాను.

"సెప్తే మీ నాన్నకి సేతి ఏళ్ళు మొలుస్తాయేటి? నాను ఎప్పుడో ఒకప్పుడు ఈ లైను ఒగ్గేసి పోయేదాన్ని. నువ్వు ఆ ఇంట్లోనే అన్నం తినాల. ఊరుకో."

ఊరుకున్నాను.

కంపెనీవాళ్ళు వచ్చి, వేరెవరినో చూసి వెళ్ళిపోయారు. అక్క రెండేళ్ళ తర్వాత తానే పని వెతుక్కుంటూ వెళ్ళింది. కొన్నాళ్ళు కలకత్తాలో స్టేజీ, ఆ తర్వాత మద్రాసు. సినిమాల్లో మొదట వెనక వరుసలో ఆడింది, తర్వాత వదిన, చివరికి అత్తగారు. ఒకసారి ఊరొచ్చినప్పుడు, సినిమాలో ఆడటం ఎలా ఉంటుందని అడిగాను.

"పాట మోగుతాది గానీ నా గజ్జెలు ఇనబడవే. ఆ సప్పుడు తరవాత ఏరేవోళ్ళు కలుపుతారు. అక్కడా మన లైను లాగే, మూగ గజ్జెలే" అని నవ్వింది. ఆ నవ్వులో నా మీద కోపం ఉందో లేదో ఇప్పటికీ తెలియదు. అడగలేదు.

నాన్న రిటైరయ్యాక గోల్‌బజార్ దగ్గర హాల్లో ఆమె సినిమా చూసి వచ్చాం. ఇంటికొచ్చి, మిగిలిన మూడు వేళ్ళతో చొక్కా గుండీ తీసుకుంటూ ఆయన అన్నాడు: "ఆ రోజు కిటికీలోంచి సూసినాను. పోగులు నీ కాళ్ళ దగ్గరున్నాయి." అంతే. చొక్కా కొక్కేనికి తగిలించాడు.

అన్నేళ్ళూ ఆయన కూడా నా కోసమే ఊరుకున్నాడు. ఇద్దరూ నన్ను కాపాడారు. చేజారిపోయిన దసరా మాత్రం ఆమెది.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. అక్క పోయినట్టు కిందటి నెల టీవీలో రెండు నిమిషాలు చెప్పారు. పాత పాట ఒకటి వేశారు. అందులో ఆమె నడుము దాకానే కనబడింది. నేను టీవీ గొంతు పూర్తిగా తగ్గించి చూశాను. కుడి భుజం కొద్దిగా పైకి లేచినప్పుడు, పాదం ఎత్తుతోందని తెలిసి, గజ్జెలు అదిమిపట్టేలా నా అరచేతులు దగ్గరకొచ్చాయి.

నిజం చెప్పడానికి ఒక సమయం ఉంటుందనీ, అది దాటిపోతుందనీ ఆ ఒక్క అడుగు నాకు నేర్పింది. ఈ వయసులోనూ పగలు తలుపు వేస్తే చెయ్యి అడ్డం పెట్టి చప్పుడు కాకుండా వేస్తాను. ఇంట్లో నిద్రపోయేవాళ్ళెవరూ లేరు.

మా లైనులో ఇప్పుడు సగం క్వార్టర్లు ఖాళీ. పగటిపూట ఎవరూ గొంతు తగ్గించరు. గజ్జెల్లో పోగులు ఎవరూ కూరరు.