కోస్గి బస్సు మీది మొదటి అక్షరం

షాద్‌నగర్‌ల రేకుల గది కిరాయికి తీసుకున్ననాటి నుంచి నాగరాణి గొంతు తగ్గించుకొని బతుకుడు నేర్చుకున్నది. పెనిమిటి నవీన్‌కు కంపెనీల రాత్రి డ్యూటీ. పొద్దున్నే వచ్చి, ఇంత తిని పండుకుంటడు. ఉన్నది ఒక్కటే గది. గిన్నె సప్పుడైనా మెలకువ వస్తది. కొట్టేటోడు కాదు, తిట్టేటోడు కాదు. ఎర్రబడ్డ కండ్లతోని ఒక్కసారి చూసి అటు తిరిగేటోడు. ఆ చూపుకే ఆమెకు తప్పు చేసినట్టుండేది.

నకిరేకల్ దగ్గర తల్లిగారింట్ల ఉన్నప్పుడు ఆమె ముచ్చట్ల మనిషి. ఇక్కడ పక్క గదులల్ల ఉన్నోళ్లు ఎక్కడెక్కడి నుంచో పనికొచ్చిన మొగోళ్లు. వాళ్ల భాష ఈమెకు రాదు. దినమంతా తోడు బిడ్డ అక్షిత ఒక్కతే. బిడ్డతోని గూడ సైగలే, లేకుంటే చెవుల చెప్పుడే.

నాలుగేండ్లు నిండినంక అక్షితను అంగన్‌వాడీల వేసింది. నెల తిరగకముందే టీచర్ కౌసల్య పిలిపించింది. పిల్ల ఏమడిగినా తలే ఊపుతాందట. నోరు తెరిస్తే గుసగుసేనట. దవాఖానల చూపియ్యాల్నా అని నాగరాణి భయంభయంగ అడిగింది.

"ముందు మీరు ఇంట్ల మంచిగ మాట్లాడుండ్రి" అన్నది కౌసల్య. "చెవుల పడ్డ మాటనే నోట్లెకొస్తది. మాట రానిది సదువెట్ల వస్తదమ్మా?"

ఇంట్ల ఎందుకు మాట్లాడరో చెప్పుకోలేక నాగరాణి సరే అని వచ్చేసింది. తొవ్వ పొడుగునా ఏడుపు ఆపుకున్నది. బిడ్డ నోరు నేనే కట్టేసిన అనుకున్నది.

తెల్లారి అంగన్‌వాడీ నుంచి బిడ్డను తీసుకొని ఇంటి దిక్కు పోలేదు. మెయిన్ రోడ్డు మీదికి నడిచింది. ఒక దుకాణం ముందు ఆగి, బోర్డు దిక్కు వేలు చూపి, "కి... రా... ణం" అని గట్టిగ చదివింది. ఏడో తరగతి దాకా చదివిందే గని, పుస్తకం ముట్టక పదేండ్లాయె. దుకాణపాయన తలెత్తి చూస్తే సిగ్గుతోని చచ్చినంత పనైంది. తన గొంతు తనకే వేరేవాళ్లదోలె వినిపించింది.

అయినా ఆపలేదు. రోజూ ఇద్దరు గట్లనే పోయేటోళ్లు. పాల దుకాణం, టైర్ల దుకాణం, బస్సుల మీది ఊర్ల పేర్లు. కోస్గి బస్సు వస్తే 'కో' కాడ ఆగి కోడి, కోతి, కోడలు అని చెప్పి, ఒక్కోదానికి ఒక కత అల్లేది. ఇంటికొచ్చినంక తాంబాళంల జొన్నపిండి పరిచి బిడ్డతోని వేలుతో రాయించేది. రాసుడుకు సప్పుడుండదు గద.

రెండు నెలలు అక్షిత ఉలుకలేదు, పలుకలేదు. మూడో నెలల ఒకనాడు బస్టాండుల నిలబడ్డరు. బస్సు మలుపు తిరుగుతుండంగనే పిల్ల కొంగు గుంజి అరిచింది. "అమ్మా, కో! కోడలి బస్సు!"

చుట్టున్నోళ్లు నవ్విండ్రు. నాగరాణి గూడ నవ్వబోతే కండ్లల్ల నీళ్లొచ్చినయి. ఈ ముచ్చట ఎవరితోని చెప్పుకోవాలె? మాపటికి నవీన్ లేచేదాకా కడుపుల దాచుకొని, లేచినంక చెప్పింది. "మంచిగైంది" అన్నడు నవీన్, బూట్ల లేసులు కట్టుకుంట. టైమైందని పోయిండు.

ఇప్పుడు అక్షిత రెండో తరగతి. బడి నుంచి కతల పుస్తకాలు తెచ్చుకొని గోడకొరిగి చదువుతది. నవీన్‌ది పగటి డ్యూటీ అయింది. పగలు గదిల పండుకునేటోళ్లు ఎవ్వరు లేరు.

"గట్టిగ సదువు బిడ్డా, నేను గూడ వింట" అన్నది ఒకనాడు నాగరాణి.

"మనసుల సదువుకుంటె జల్ది అయితదమ్మా" అన్నది అక్షిత. తల్లి మొఖం చూసి రెండు వరుసలు పైకి చదివింది. మూడో వరుసకు గొంతు తగ్గింది. ఇంకొంతసేపటికి పెదవులు గూడ ఆగినయి.

నాగరాణి పక్కన కూసొని పేజీలు తిరుగుతుంటే చూసింది. పుస్తకంల ఏమున్నదో బిడ్డ ఒక్కసారి నవ్వింది. ఎందుకని నాగరాణి అడగబోయింది. అడగకుంటనే లేచి బియ్యం కడిగేటందుకు పోయింది.