ఓడిన తీర్పు చదివిన వకీలు

ఇవాళ మా ఆఫీసులో ఓ ముసలావిడ స్టాంపు ప్యాడ్ మీద బొటనవేలు అద్దింది. వాన తేమకి సిరా వాసన గదంతా కమ్ముకుంది. మా దీవిలో బతు బస్తీ అనే పేటలో, టైలరు దుకాణం పైనుండే వకీలు సింహాచలం గారి గది వాసన అది.

నాన్న పోయిన కొత్తలో, ఇంటి కాగితాల్లో అమ్మ పేరు తప్పుపడిందనీ, సరిచేయించాలనీ బాబాయి మమ్మల్ని రిజిస్ట్రేషన్ ఆఫీసుకు తీసుకెళ్ళాడు. ఇంగ్లీషు కాగితం. అమ్మ నావైపు చూసింది. చదివినట్టు తలాడించి, "పెట్టేయమ్మా" అన్నాను. సాక్షి సంతకం కూడా నేనే చేశాను. ప్రోతరాపూర్‌లో అమ్మ పేరనున్న ఇల్లు బాబాయికి రాసిచ్చేశామని, ఖాళీ చేయమన్న నోటీసు వచ్చాకే తెలిసింది. పట్టభద్రుణ్ణే, ఇంటిని మాత్రం భద్రంగా పట్టుకోలేకపోయాను.

కలకత్తా నుంచి పెద్ద వకీలును దింపుదామనుకున్నాను. పక్కింటి దీదీ ఆపింది. "పహలే, ముందు ఇక్కడోళ్ళకి చూపించు భయ్యా. కలకత్తా ఆయనకి మీ అమ్మ మాట ఏటి అర్థమవుద్ది?"

సింహాచలం గారి దగ్గర నేను నోరు తెరవగానే చెయ్యెత్తారు. "నువ్వాగు బాబూ. సంతకం ఆవిడది." కాగితం ఒక్కో వాక్యం తెలుగులో చదివి, అమ్మచేత తిరిగి చెప్పించారు. ఎవరొచ్చినా ఆయన పద్ధతదే. తిరిగి చెప్పేదాకా పెన్ను చేతికివ్వరు. సగంలో అమ్మ ఆగిపోయింది.

"అయితే ఇల్లు నేనే ఇచ్చేసినానా?"

"ఇచ్చినట్టు రాయించుకున్నారమ్మా. కొట్లాడదాం. గెలుస్తామని మాత్రం చెప్పను."

గెలవలేదు. చదువుకున్న కొడుకే సాక్షి సంతకం చేశాక తెలియక ఇచ్చానంటే నమ్మలేమంది కోర్టు. ఆ సాయంత్రం ఆయన బస్సెక్కి మా ఇంటికి వచ్చారు, తీర్పు చదివి వినిపించడానికి. గుమ్మంలోనే బతిమాలాను. "నా గురించిన ముక్క వదిలేయండి సార్."

"ఓడిన తీర్పు కూడా ఆవిడదే బాబూ. దాచేస్తే మీ బాబాయికీ నాకూ తేడా ఏటి?"

అంతా చదివారు. అలవాటుగా అడిగారు. "ఇప్పుడు నువ్వు చెప్పమ్మా, ఇందులో ఏటుంది?"

అమ్మ చాలాసేపు నన్నే చూసింది. "ఇల్లు పోయిందని ఉంది బాబూ. అంతే."

ఎవరినీ ఒక్క వాక్యం మింగనివ్వని మనిషి, ఆ రోజు రెండోసారి అడగలేదు. కాగితం మడిచి అమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. ఇప్పుడు అమ్మా లేదు, ఆయనా లేరు. ఆ తీర్పు నా దగ్గరుంది. మడత ఇంకా విప్పలేదు.

ముసలావిడ వేలు ఆనేలోగా కాగితాన్ని వెనక్కి లాక్కున్నాను.

"ఏటి బాబూ, పింఛను కాగితమే కదా?"

"చదువుతానమ్మా. విని, మళ్ళీ మీరు నాకు చెప్పండి."

సిరా వేలు గాలిలో పట్టుకుని, ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుంది.