ఆదివారం పదింటి లైన్

పోయిన గురువారం మా ఇంటి ఓనరు అంకుల్ పోయారు. ఆఫీసు పార్కింగ్‌లో కారు అద్దం మీద మంచు గీకుతుండగా ఆంటీ ఫోన్ చేసి, "ఇందాకే అయిపోయిందమ్మా" అన్నారు. ఏమైందని అడగాల్సిన పని లేకపోయింది. రెండోసారి గుండెపోటు వచ్చి ఆయన మూడు రోజులుగా ఆసుపత్రిలో ఉన్నారు. శనివారం ఇక్కడే, కెనడాలోని విండ్సర్‌లో దహనం చేశాం. మాకిచ్చింది ఒక గంట. మా వెనక ఇంకో కుటుంబం కోట్లు కూడా విప్పకుండా తమ వంతు కోసం నిలబడి ఉంది.

ఓనరు అంటున్నానుగానీ ఆయన ఇంటి బేస్‌మెంట్ ఖాళీ చేసి ఆరేళ్ళయింది. కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చి ఆ బేస్‌మెంట్‌లో నాలుగేళ్ళున్నాను. ఇప్పుడు రెండు వీధుల అవతల ఉంటూ నెట్‌వర్క్ సపోర్ట్ ఉద్యోగం చేస్తున్నాను. ఆ ఉద్యోగం ఇచ్చిన పొగరుతోనే ఆయనకు ఒక అన్యాయం చేశాను. నివాళి రాయమంటే ముందు ఇదే చేతికొస్తోంది.

బేస్‌మెంట్‌లో దిగిన మొదటి ఆదివారం, పొద్దున సరిగ్గా పదింటికి సీలింగ్ పైనుంచి కీచుమని ఒక కూత, ఆ వెనకే బుస, ఆపైన రేకు గీకుతున్న చప్పుడు. స్మోక్ అలారం పాడైందనుకుని చెప్పుల్లేకుండా పైకి పరిగెత్తాను. అంకుల్ ఒక ముసలి కంప్యూటర్ ముందు కూర్చుని, నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టారు.

"ష్! పలకరించుకుంటున్నాయమ్మాయ్. ఎంత స్పీడులో మాట్లాడుకోవాలో తేల్చుకుంటాయి, ఆగు."

ఆ కంప్యూటర్ ఒకప్పుడు తెల్లగా ఉండేదట, అప్పటికే పాత పళ్ళ రంగుకొచ్చింది. దాని పక్కన, అక్షరాల్ని కూతలుగా మార్చి ఫోనులో పంపే అరచేతంత మోడెమ్, అందులోంచి గోడలోని టెలిఫోన్ సాకెట్‌కి ఒక వైరు. ఇంటర్నెట్ ఫోను తీగ మీద ఇంటికొచ్చే రోజుల నాటి సామాను. విన్నిపెగ్‌లో ఆయన స్నేహితుడి దగ్గర కూడా అలాంటి జతే ఉంది. ఇద్దరూ వయసులో ఉండగా తెనాలి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో పక్కపక్కన కూర్చుని పనిచేసినవాళ్ళు, ఒకరి వెనక ఒకరు ఈ దేశం వచ్చారు. ఈయన కార్ల ప్లాంటులో రిటైరయ్యారు. ఆ స్నేహితుడికి గొంతు క్యాన్సర్ వచ్చి స్వరపేటిక తీసేశారు. మాట పోయింది.

అప్పుడు అంకుల్ గరాజ్‌లో మూలపడిన కంప్యూటర్ని బయటికి తీసి, అలాంటిదే ఇంకోటి వెతికి విన్నిపెగ్ పంపించారు. ప్రతి ఆదివారం పదింటికి ఈయన డయల్ చేస్తారు. అక్కడి మోడెమ్ ఫోనెత్తుతుంది. ఒకరు కొట్టిన అక్షరం వెంటనే ఇంకొకరి తెర మీద పడుతుంది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"వాట్సాప్ ఉంది గదా అంకుల్? గింత కష్టమెందుకు?" అన్నాను.

"వాడు వాట్సాప్‌లో దణ్ణాలూ దేవుడి బొమ్మలూ తప్ప ఏం పంపడమ్మాయ్. అయినా మెసేజంటే ఎప్పుడో చూసుకుంటాడు. ఇది ఫోను. మోగితే ఎత్తాలి. వాడు ఎత్తాడంటే ఇంక ఆ వారానికి నాకు దిగులుండదు."

ఆ కాల్‌కి ఆయన తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవారు. అవతలివాళ్ళకు కనబడేది లేదు, వినబడేది లేదు. వంటింట్లో ఇంకో ఫోనుండేది, దాన్ని ఎత్తితే కాల్ తెగిపోతుంది. అందుకని ఆంటీకి ఆ గంటసేపు ఫోను ముట్టుకోవద్దని ఆజ్ఞ. "ఆదివారం పదింటికి ఈ ఇంట్లో తుమ్మాలన్నా పర్మిషనే" అని ఆవిడ నాతో సణిగేవారు. ఆ కంప్యూటర్ని ఆవిడ దుమ్ము దులపడానికి కూడా తాకేవారు కాదు. సవతి పోరు అని వెక్కిరించేదాన్ని.

నాకు చదువైపోయాక ఏడు నెలలు ఉద్యోగం రాలేదు. ఒక రోజు మెట్ల మీద కూర్చుని ఇక ఇంటికెళ్ళిపోతానన్నాను. ఆయన ఓదార్చలేదు. "లైన్ బిజీ అని వచ్చిందంటే లైన్ ఉందని అర్థం. డెడ్ అయితే ఆ చప్పుడు కూడా రాదు. మళ్ళీ కొట్టు" అని చెప్పి, చెత్తబుట్ట వీధిలో పెట్టడానికి వెళ్ళిపోయారు. ఆ ముక్క పట్టుకునే నేనీ దేశంలో మిగిలాను.

ఇక నా నిర్వాకం. పోయిన వేసవి చివర ఆయనకు మొదటిసారి గుండెపోటొచ్చి వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఆంటీ సీరియల్ చూద్దామంటే బొమ్మ ఆగిపోతోంది. "ఆయన వచ్చేలోపు ఈ నెట్టేదో బాగు చేయించవే తల్లీ" అన్నారు. నేను ఉత్సాహంగా ఫైబర్ పెట్టించాను, ఫోను కూడా దాని మీదికే మార్పించాను. వచ్చిన టెక్నీషియన్ పాత రాగి తీగ తీసేయనా అని అడిగాడు. తీసెయ్యమన్నది నేనే. ఫోను తీగల మీద బతికినవాడి ఇంట్లో, ఆయన్ని ఒక్క మాట అడక్కుండా.

ఇంటికొచ్చాక ఆయన గోడ కేసి చూశారు. ఆదివారం తల దువ్వుకుని కూర్చుని డయల్ చేశారు. కూత వచ్చింది, బుస వచ్చింది, తెర మీద నాలుగు బ్రాకెట్లు, రెండు ప్రశ్నార్థకాలు పడి కాల్ తెగిపోయింది. ఫైబర్‌లో గొంతు ముక్కలుగా వెళ్ళి అవతల మళ్ళీ అతుక్కుంటుంది. మన చెవికి ఆ అతుకులు తెలియవు, మోడెమ్‌కి తెలుస్తాయి. రాగి లైన్ తిరిగి ఇవ్వమని కంపెనీని అడిగితే కుదరదన్నారు.

పదకొండు ఆదివారాలు అలాగే పోయాయి. అక్కడ ఫోను మోగేది, కాసేపు కూసేది, తెగేది. నేను రకరకాల అడాప్టర్లు తెచ్చాను, ఫైబర్ పెట్టెలో కనబడ్డ సెట్టింగల్లా మార్చాను. పన్నెండో వారం ఆయన నా వెనక నిలబడి అడిగారు.

"ఎంత స్పీడులో పెడుతున్నావమ్మాయ్?"

"ముప్పై మూడు వేలు పోతలేదు అంకుల్. తొమ్మిది వేలకు దించిన."

"మూడొందల్లో పెట్టు."

"మూడొందలా? అది మరీ..."

"మేమిద్దరం ఒంటివేలితో కొట్టేవాళ్ళం. మాకెందుకమ్మా స్పీడు?"

మూడొందల్లో పెట్టాను, అంటే సెకనుకు ముప్పై అక్షరాలు. లైన్ నిలబడింది. ఆయన నా భుజం తట్టి కుర్చీ లాక్కున్నారు. నేను కారులో కూర్చుని ఏడ్చాను. నా వృత్తిలో నెమ్మది అంటే జబ్బు. దాన్ని తగ్గించడం తప్ప కావాలని తెచ్చుకోవడం నాకు తోచనే లేదు. అదే సంగతి ఆయన్ని మొదటి వారం అడిగి ఉంటే సరిపోయేది. ఆ తర్వాత వాళ్ళకు మిగిలినవి మూడే ఆదివారాలు.

నిన్న ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు ఆంటీ ఫోన్ చేశారు. విన్నిపెగ్ నుంచి ఆ స్నేహితుడి కూతురు మాట్లాడిందట. ఊపిరి కోసం గొంతు దగ్గర పెట్టిన రంధ్రంతో ఈ చలిలో ఆయన ప్రయాణం చేయలేరు. గురువారమే కబురు చెప్పారు. అయినా ఆయన ఆదివారం పొద్దున్నే లేచి స్నానం చేసి కంప్యూటర్ ముందు కూర్చున్నారు.

"అన్నయ్యగారు కూర్చునున్నారటమ్మా. నాకా పెట్టె ఎలా పెట్టాలో తెలీదు. నువ్వు రా" అన్నారు ఆంటీ.

పదింటికి డయల్ చేశాను. రెండు రింగులకే ఎత్తింది. నేను బేస్‌మెంట్ అమ్మాయిని, ఆంటీ పక్కన ఉన్నారు అని కొట్టాను. 'తెలుసు' అని వచ్చింది. ఆ పదకొండు వారాలు నా వల్లే పోయాయి అంకుల్, క్షమించండి అని కొట్టాను. పర్వాలేదమ్మా అంటారనుకున్నాను. 'అవును. చాలా ఎదురుచూశాను' అని వచ్చింది. నాకు అది తగినదే.

ఆంటీ నన్ను లేవమని సైగ చేసి కుర్చీలో కూర్చున్నారు. ఒక్కో అక్షరం ఎక్కడుందని నన్నడుగుతూ కొట్టారు. 'అన్నయ్యగారూ, ఇన్నేళ్ళు ఏం మాట్లాడుకునేవారు?'

జవాబు నెమ్మదిగా పడింది. 'ఏముంది చెల్లెమ్మా. ఉన్నావా అనేవాణ్ణి. ఉన్నా అనేవాడు. తర్వాత ఇక్కడెంత చలి, అక్కడెంత చలి.'

ఆంటీ ఆ వరుసలను చదివి, మళ్ళీ చదివి, కొంగుతో మొహం కప్పుకున్నారు. ఇటునుంచి ఏమీ పోవడం లేదు. తెర మీద ఇంకో వరుస మొదలైంది.

'ఉన్నావా చెల్లెమ్మా?'

ఆంటీ కొంగు తీసి ముందుకు వంగారు. నేను చూపించబోతే వద్దని చెయ్యి అడ్డం పెట్టారు. మొదటి అక్షరం కోసం ఆవిడ వేలు ఆ పసుపు పచ్చటి మీటల మీద ఒక్కొక్కటే దాటుకుంటూ వెతుకుతోంది.