నా వేలాది పాఠకుల సమావేశం

ఆ రోజుల్లో, అంటే మాదాపూర్ బండరాళ్ళ మధ్య అద్దాల మేడలు అప్పుడప్పుడే లేస్తున్న రోజుల్లో, కంప్యూటర్ ఉద్యోగం చేసే ప్రతి కుర్రాడికీ ఇంటర్నెట్టులో సొంత పేజీ ఒకటి ఉండి తీరాలని ఓ పిచ్చి నమ్మకం ఉండేది. బ్లాగు అనే మాట అప్పటికి మా చెవిన పడలేదు, హోంపేజీ అనేవాళ్ళం. నాకూ ఒకటుండేది. పైన మిణుకుమిణుకుమంటూ వెలిగే వినాయకుడి బొమ్మ, కింద ఇంగ్లీషు అక్షరాల్లో నేను రాసే తెలుగు కథలు, అన్నిటికన్నా అడుగున ఆటో మీటరులాంటి ఓ లెక్క. ఎవరు పేజీ తెరిచినా అందులో ఒక అంకె పెరిగేది. (నేను తెరిచినా పెరిగేది. రచయిత తన రచన తాను చదువుకోకూడదని ఎక్కడా లేదు కదా.) వచ్చింది ఎవరో, ఎక్కణ్ణుంచి వచ్చారో మాత్రం అది చెప్పేది కాదు. నా సుఖమంతా ఆ చెప్పకపోవడంలోనే ఉండేది.

మా ఆఫీసులో నెలాఖరున మేనేజరు రివ్యూ అని పెట్టి, పని ఎంత వెనకబడిందో రంగురంగుల గీతల్లో చూపించి మరీ చీవాట్లు పెట్టేవాడు. ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది (చీవాట్లు కాదు, గీతలు). బాలానగర్‌లో మా అద్దె గదిలో నేనూ ప్రతి నెలా రివ్యూ పెట్టడం మొదలుపెట్టాను. హాజరయ్యేది ఒక్కడే, నా రూమ్మేటు. ప్రతిదానికీ 'లాజిక్ ఏంట్రా' అని అడుగుతాడని వాడికి లాజిక్ అని పేరు పెట్టాం. వాడికి మిరపకాయ బజ్జీలు కొనిపెట్టి, ఆఫీసులో ప్రింటు తీసిన గ్రాఫు గోడకంటించి, స్కేలుతో చూపిస్తూ వివరించేవాణ్ణి. మొదటి నెలల్లో ఆ గీత నేలబారునే పాకేది. తర్వాత ఉన్నట్టుండి లేచింది. ఇంటర్ రిజల్టులొచ్చే నెలలో అయితే కాగితం చాలక ఇంకోటి అతికించాల్సి వచ్చింది.

"వేసవి కదా. జనం తీరిగ్గా ఉంటారు. పైగా ఆ నెలలో రాసింది ఆవకాయ కథ. అమెరికాలో మనవాళ్ళు ఏడ్చేసి ఉంటారు" అన్నాను.

"ఏడ్చినవాడు ఒక్క ఉత్తరమైనా రాయడా? ఇందులో లాజిక్ ఏంట్రా?" అన్నాడు వాడు బజ్జీ నములుతూ.

"అభిమానులకి మొహమాటం ఉంటుందిరా."

ఆ మాటా ఈ మాటా పెరిగి పందెం దాకా వెళ్ళింది. పాఠకుల్ని సమావేశానికి రమ్మని పేజీలోనే పిలవాలి. నా కథలు నిజంగా చదివినవాడు ఒక్కడొచ్చినా, ఆ ఏడాదంతా గదిలో అంట్లు వాడే తోమాలి. ఎవడూ రాకపోతే నేను పేజీ ఎత్తేసి, మళ్ళీ కథ అన్న మాట ఎత్తకూడదు. నేను ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. నా దిగులల్లా వచ్చే జనానికి చోటు చాలుతుందా అనే.

బాలానగర్ చౌరస్తాలో ఇరానీ హోటలువాణ్ణి బతిమాలి, ఆదివారం సాయంత్రానికి నాలుగు బల్లలు కలిపించాను. ఆఫీసు ప్రింటరులో కాగితం తెగకుండా 'పాఠకదేవుళ్ళకు స్వాగతం' అని బారెడు బ్యానరు తీసి గోడకు కట్టాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో రెండు పెన్నులు పెట్టుకున్నాను (సంతకాలు పెడుతూండగా ఒకటి ఆగిపోతే?). కూర్చున్నాం. సమోసాలు వచ్చాయి, చల్లారాయి. లాజిక్‌గాడు గడియారం చూడడం మానేసి నావైపు జాలిగా చూడడం మొదలుపెట్టాడు. దానికన్నా వాడు వెక్కిరిస్తేనే బాగుండేది. కథలు మానేస్తే ఇక నేను మా మేనేజరు గ్రాఫులో ఒక గీతని, అంతే.

సరిగ్గా అప్పుడు తలుపు దగ్గర మా ఇంటి కింద ఇంటర్నెట్ సెంటరు నడిపే అన్న కనిపించాడు. ఆఫీసులో నెట్టు ఊరికే వస్తోంది కదా అని, పేజీ పెట్టిన కొత్తలో ఒక్కసారి ఆయనకి చూపించడం తప్ప మళ్ళీ నేనా సెంటరు గడప తొక్కలేదు.

"ఏంది తమ్మీ, ఇంక ఎవ్వలు రాలే? సెంటర్ బంద్ జేసొచ్చిన, లేటయిందని పరేషాన్ అయితున్న" అంటూ వచ్చి కూర్చున్నాడు.

"బేరాలుండే ఆదివారం పూట సెంటరు మూసి వచ్చారా అన్నా! అసలు మీకెలా తెలుసు?"

"తెల్వకేం? పొద్దుగాల సిస్టం ఆన్ జేస్తే ముందుగాల గణపతి కనవడాలె గద. నీ పేజీల మంచిగ మెరిసే గణపతి ఉన్నడు. అందుకే మన సెంటర్ల అన్ని సిస్టంలల్ల ముందు గదే ఓపెన్ అయ్యేటట్టు పెట్టిన."

లాజిక్‌గాడు తాగుతున్న చాయ్ ముక్కులోంచి వచ్చింది. నా గ్రాఫు, నా అమెరికా అభిమానులు, వాళ్ళ ఆవకాయ కన్నీళ్ళు, అన్నీ కళ్ళముందే కూలిపోయాయి. రిజల్టులు చూసుకోవడానికొచ్చిన పిల్లలు నా వినాయకుణ్ణి కళ్ళకద్దుకుని ముందుకు సాగారన్నమాట.

"మరి వాళ్ళెవరూ కింది కథ చదవలేదా అన్నా?" అన్నాను, ప్రాణాలు ఉగ్గబట్టుకుని.

"వాళ్లేడ సదువుతరు? గీ పేజీ ఎప్పుడు వోతది, రిజల్ట్ ఎప్పుడొస్తదని నన్ను తిట్టుడే."

"ఐపోయింది. పేజీ ఎత్తెయ్యి" అని లాజిక్ లేచి నిలబడ్డాడు.

"ఎందుకు ఎత్తేస్తడు?" అంటూ సెంటరు అన్న గొంతు పెంచాడు. "మీ పెద్దత్త పిల్లి సంగతి తేల్చకుంటనేనా? పాలగిన్నె మీద పొత్రం పెట్టిందని అలిగి పాయె గద పిల్లి. మీ అత్త దాని కోసం రెండు పూటలు తినకపాయె. నెలాయె, ఆడికే ఆపినవ్. మా ఇంట్ల రోజు అడుగుతున్నరు. జర చెప్పు తమ్మీ, అది మళ్ల ఇంటికి వచ్చిందా, లేదా?"

ఆ పిల్లిని ఏం చెయ్యాలో తోచక నేనే వదిలేశాను. దానికోసం ఒక ఇల్లు ఎదురు చూస్తోందని నాకేం తెలుసు? కళ్ళు తడిసినట్టనిపించి, సమోసాలో కారం ఎక్కువైందన్నాను. లాజిక్‌గాడు కాసేపు గోడ మీది బ్యానరు చూసి, "అంట్లపొడి ఏ కంపెనీది తెమ్మంటావు?" అన్నాడు. అందులో మాత్రం వాడు లాజిక్ అడగలేదు. ఆ వారమే మిగతా కథ రాసి పిల్లిని ఇంటికి తీసుకొచ్చేశాను.

ఇప్పుడు నల్లగండ్లలో ఫ్లాటు, చక్కటి తెలుగు అక్షరాల్లో బ్లాగు. నెల తిరిగేసరికి ఏ దేశంవాళ్ళు చూశారో, ఎంతసేపున్నారో, ఎక్కడ విసుగెత్తి పారిపోయారో అన్నీ అదే చెప్పేస్తుంది. అంత నిజం ఈ వయసులో నాకెందుకు చెప్పండి? మొన్న మా ఆవిడ, "ఏమండీ, నా ఫోనులో ఇంటర్నెట్టు తెరిస్తే చాలు, ముందు మీ బ్లాగే వస్తోందేమిటండీ?" అని అడిగింది. ఏమో, నాకేం తెలుసన్నాను. వినాయకుడు అక్కడే పైన మిణుకుమిణుకుమంటున్నాడు. ఆవిడ అలవాటు కొద్దీ కళ్ళకద్దుకుంది. బొమ్మ దాటి కిందికి వస్తుందేమోనని పేపరు చాటునుంచి చూస్తూ కూర్చున్నాను.