శాలువా కప్పుకోని మా ఆవిడ

నా చేతిరాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులు కూడా ఉంటాయి. పల్లెటూరి బడి చదువు, మన్నించండి. సభలో నోరు పెగలని వాణ్ణి గనక ఈ సాయంత్రమే రాసి మన తెలుగు సంఘం బోర్డుకి అంటిస్తున్నాను.

ఈ రోజు ఉగాది సభలో మా ఆవిడకు సన్మానం పెట్టారు. ఇక్కడి రాయపూర్ రైస్ మిల్లులో ఉడికించిన ధాన్యాన్ని సిమెంటు కళ్లంలో కాళ్లతో తిరగేసి ఆరబెట్టే పని చేసిందామె. ధాన్యం లక్ష్మి కాబట్టి చెప్పులు వేసుకోకూడదు. మన కార్యదర్శి మైకులో "మండుటెండను ఓర్చుకున్న తల్లి" అని చదివి శాలువా విప్పాడు. మా ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఓర్చుకోడమేటి నాయనా? అరికాళ్లు బొబ్బలెక్కితే ఆడోళ్లమంతా నీడలో కూకుండిపోనాం. మిల్లు సేఠ్ మజ్జాన్నం పని మానిపించి పొద్దుటేళా సాయంత్రమేళా పెట్టేదాకా లెగనేదు. నెగ్గినాం. అలాగ సదువు."

"ఓర్పు గొప్ప గుణం కదమ్మా."

"అయితే ఆ గుణానికే కప్పు" అని వేదిక దిగి వచ్చేసింది. ఆమె వెనకే నేనూ వచ్చేశాను.

ఆ రోజుల్లో ఆ కాళ్లకు వెన్న రాసిన వాణ్ణి. నెగ్గడమంటే ఏమిటో నాకు తెలుసు. శాలువా ఇంకా కార్యదర్శి దగ్గరే ఉంది, "ఓర్చుకున్న" అన్న మాటను "నెగ్గిన" అని మార్చి చదివితే పుచ్చుకుంటాం. మీరేమంటారో ఈ కాగితం కిందే తొందరగా రాయండి. ఎండలు ముదిరాక శాలువా ఎవరు కప్పుకుంటారు?